విల్మా: ఒక ఊరి ఇసుక పోయింది, పక్క ఊరిది పెరిగింది

2005 అక్టోబరు 21 సాయంత్రం విల్మా హరికేన్ మెక్సికోలోని కోసుమెల్ దీవి మీదికి వచ్చింది. అదే రాత్రి పుయెర్తో మొరెలోస్ అనే చిన్న జాలరి ఊరి దగ్గర ప్రధాన తీరాన్ని దాటింది. అక్కడికి ఉత్తరాన ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది కాన్‌కున్. తెల్లటి ఇసుకకి, ఆకుపచ్చ నీలం కలిసిన నీళ్ళకి పేరుపడ్డ బీచ్ పట్నం. తుఫాను వెళ్ళిపోయాక చూస్తే కాన్‌కున్ హోటళ్ళ ముందు ఇసుక లేదు. చాలాచోట్ల అడుగున ఉన్న సున్నపురాయి బయటపడింది. తుఫాను కన్ను నేరుగా వచ్చిన పుయెర్తో మొరెలోస్‌లో మాత్రం బీచ్ అంతకుముందుకన్నా వెడల్పయింది.

ఒకే తుఫాను, ఒకే రాత్రి. నడిమధ్యలో ఉన్న ఊరికి ఇసుక వచ్చి చేరితే, పక్కనున్న ఊరి ఇసుక కొట్టుకుపోవడమేమిటి? విల్మా గురించి చాలామంది చెప్పుకునేది గాలి వేగం, రికార్డులు, హోటళ్ళలో ఇరుక్కుపోయిన టూరిస్టులు. నాకు మాత్రం ఈ ఇసుక లెక్కే అసలు కథ అనిపిస్తుంది. ఎందుకంటే దాని వెనకాల వెళితే తుఫాను కన్నా ముప్పై అయిదేళ్ళు వెనక్కి పోవాల్సి వస్తుంది.

కాన్‌కున్ మనవాళ్ళకి కొత్త పేరేమీ కాదు. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగు కుటుంబాలు లాంగ్ వీకెండ్ దొరికితే బయల్దేరేది అక్కడికే. విమానంలో మూడు గంటల ప్రయాణం. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. ఇప్పుడు అక్కడ సంగీత్‌లూ, మండపాలూ, బీచ్ పెళ్ళిళ్ళూ కూడా జరుగుతున్నాయి. ఆ మండపం వేసే ఇసుక అంతా ఎప్పటినుంచో అక్కడే ఉన్నది కాదనీ, దాంట్లో చాలా భాగం పైపుల్లోంచి తెచ్చి పోసిందనీ వెళ్ళేవాళ్ళలో ఎందరికి తెలుసో.

రికార్డు సముద్రం మీద, నష్టం ఊరి మీద

ముందు విల్మా ఎలాంటి తుఫానో చూద్దాం. 2005లో అట్లాంటిక్‌లో పుట్టిన తుఫానులకి పేర్లే సరిపోలేదు. ఆ ఏటి జాబితాలో చివరి పేరు విల్మా. దాని తర్వాత వచ్చినవాటికి ఆల్ఫా, బీటా అంటూ గ్రీకు అక్షరాలు వాడాల్సి వచ్చింది. కత్రినా న్యూ ఆర్లీన్స్‌ని ముంచి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

అక్టోబరు 15న జమైకా దగ్గర వాయుగుండంగా మొదలైన విల్మా మొదటి రెండు మూడు రోజులు పెద్దగా ఎవరినీ కంగారు పెట్టలేదు. 18 రాత్రి నుంచి 19 తెల్లవారేలోపు దాని వాలకమే మారిపోయింది. మామూలు తుఫాను స్థాయి నుంచి ఇరవై నాలుగు గంటల్లో, హరికేన్ల కొలమానంలో అన్నిటికన్నా పైమెట్టు అయిన కేటగిరీ 5కి ఎక్కింది. తుఫాను మధ్యభాగంలో గాలి పీడనం (అది ఎంత తగ్గితే తుఫానుకి అంత బలం) 882 మిల్లీబార్లకి పడిపోయింది. అట్లాంటిక్‌లో నమోదైన అన్ని హరికేన్లలోకీ అదే కనిష్ఠం. అంతకుముందు రికార్డు 1988 నాటి గిల్బర్ట్‌ది, 888 మిల్లీబార్లు. గాలి గంటకు 295 కిలోమీటర్లు. కన్ను వెడల్పు నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. అంత చిన్న కన్నుని అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం వాళ్ళు అంతకుముందు చూడలేదు.

అయితే ఈ అంకెలన్నీ నడిసముద్రంలోవి. అప్పటికి తుఫాను కాన్‌కున్‌కి ఇంకా దూరంలోనే ఉంది. తీరానికి చేరేసరికి విల్మా ఒక మెట్టు దిగి కేటగిరీ 4 అయింది. వార్తల్లో 'బలహీనపడింది' అన్నారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. బలమైన హరికేన్లలో కన్ను చుట్టూ ఉండే లోపలి గాలిగోడ చెదిరిపోయి, దాని చుట్టూ ఇంకా పెద్ద గోడ ఒకటి కట్టుకోవడం తరచూ జరిగేదే. అలా జరిగినప్పుడు గరిష్ఠ గాలి వేగం కాస్త తగ్గుతుంది, తుఫాను ఒళ్ళు మాత్రం పెరుగుతుంది. విల్మా కన్ను నాలుగు కిలోమీటర్ల నుంచి డెబ్బై కిలోమీటర్ల దాకా విచ్చుకుంది. హరికేన్ గాలులు వీచే మేర కూడా అంతకంతా పెరిగింది. 882 రికార్డు పెట్టిన తుఫాను చిన్నది, బిగువైనది. ఊరి మీదికి వచ్చింది దానికన్నా కొంచెం మెత్తనిదే కానీ ఎన్నో రెట్లు పెద్దది.

పైగా అది కదల్లేదు. తుఫానుకి సొంతంగా నడక ఉండదు, పై వాతావరణంలోని గాలులే దాన్ని తోసుకుపోతాయి. ఆ రోజుల్లో, ఈ ఊళ్ళున్న యుకటాన్ ద్వీపకల్పం పైన ఆ తోపుడు దాదాపు ఆగిపోయింది. పడమటి నుంచి రావాల్సిన గాలుల ద్రోణి ఇంకా చేరలేదు. దాంతో విల్మా గంటకు ఆరేడు కిలోమీటర్ల చొప్పున పాకుతూ, కోసుమెల్‌కీ కాన్‌కున్‌కీ మధ్యే తారట్లాడింది. 21 రాత్రి తీరం దాటింది, మర్నాడు సాయంత్రానికి గానీ ద్వీపకల్పం ఉత్తరపు అంచు దాటి గల్ఫ్‌లోకి పోలేదు. ఆ ద్రోణి అందుకున్నాక మాత్రం ఒక్కసారిగా పరుగందుకుని 24న ఫ్లోరిడా మీద పడింది.

గిల్బర్ట్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. 1988 సెప్టెంబరు 14న అదే కోసుమెల్ మీదుగా వచ్చిన గిల్బర్ట్ తీరాన్ని తాకేనాటికి కేటగిరీ 5. గాలి బలంలో విల్మా కన్నా పైచేయి. కానీ గంటకు ఇరవై కిలోమీటర్లకు పైగా వేగంతో దాటిపోయింది. అంతెందుకు, విల్మాకి మూడు నెలల ముందు 2005 జులైలో ఎమిలీ అనే మరో కేటగిరీ 4 హరికేన్ ఇదే తీరం మీదుగా పోయింది. రాత్రికి రాత్రి వచ్చింది, తెల్లారేసరికి దాటిపోయింది. హోటళ్ళు చెట్లూ అద్దాలూ సర్దుకుని వారం తిరక్కుండా మామూలైపోయాయి. 'ఒక రాత్రి కళ్ళు మూసుకుంటే అయిపోతుంది' అన్న అనుభవంతో అక్టోబరులో తలుపులు బిగించుకున్నవాళ్ళకి, రెండో రాత్రి కూడా అదే హోరు వినపడుతుంటే ఎలా ఉండుంటుందో ఊహించుకోవచ్చు.

ఇక వాన. కాన్‌కున్‌కి ఎదురుగా సముద్రంలో ఉన్న ఇస్లా ముహెరెస్ అనే దీవిలో ఇరవై నాలుగు గంటల్లో సుమారు 1,600 మిల్లీమీటర్లు కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా పడేది ఎనిమిది వందల చిల్లర. రెండేళ్ళ హైదరాబాద్ వానలు ఒక్క రోజులో, కాలినడకన తిరిగిరాగలిగే ఒక దీవి మీద పడ్డాయన్నమాట.

ఉప్పెన కాదు, అలలు

తుఫాను అనగానే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమని ఊడ్చేసింది గాలి కాదు, నీళ్ళు. పదివేల మందికి పైగా పోయారు. బంగాళాఖాతం ఒడ్డున సముద్రం చాలాదూరం లోతు తక్కువగా ఉంటుంది. గాలి తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక గోడలా పైకి లేచి నేల మీదికి వస్తుంది.

కాన్‌కున్ దగ్గర పరిస్థితి వేరు. అక్కడ ఒడ్డు నుంచి కొంచెం దూరం పోగానే లోతు మొదలవుతుంది. అందుకని ఉప్పెన అంత ఎత్తున లేవదు. కానీ అదే లోతు వల్ల నడిసముద్రపు అలలు బలం తగ్గకుండా ఒడ్డుదాకా వస్తాయి. విల్మా సమయంలో పుయెర్తో మొరెలోస్ బయట సముద్రంలో పెట్టిన పరికరాల్లో అలల ఎత్తు పన్నెండు మీటర్ల స్థాయిలో నమోదైంది. నాలుగంతస్తుల మేడంత. అవి గంటో రెండు గంటలో కాదు, ఒక రోజుకి పైగా వస్తూనే ఉన్నాయి.

మెక్సికోలో విల్మా వల్ల పోయిన ప్రాణాలు పది లోపే. ఇంత తుఫానుకి అది చాలా తక్కువ. హోటళ్ళ నుంచి వేలమంది టూరిస్టులని ముందే ఖాళీ చేయించి ఊళ్ళోని బడుల్లో, జిమ్ హాళ్ళలో పెట్టారు. లోతట్టు కాలనీల జనాన్నీ తరలించారు. మనిషి ప్రాణాల లెక్కలో చూస్తే ఇది గెలుపే. అందుకే కావచ్చు, విల్మా పేరు కత్రినా పేరంత దూరం పోలేదు.

గాదె మీద ఇల్లు

ఇప్పుడు ఇసుక దగ్గరికి వద్దాం.

1960ల చివర్లో మెక్సికో కేంద్ర బ్యాంకు అధికారులు, డాలర్లు తెచ్చిపెట్టే కొత్త టూరిస్టు ఊరు ఎక్కడ కట్టాలా అని దేశం తీరమంతా లెక్కలు వేసి చూశారు. వాతావరణం, వాన, హరికేన్లు, బీచ్‌ల నాణ్యత అన్నీ బేరీజు వేసుకుని ఎంచుకున్న చోట్లలో మొదటిది కాన్‌కున్. అప్పటికి అక్కడ ఊరే లేదు. కొద్దిమంది జాలర్లు, కొబ్బరితోటల కాపలావాళ్ళు ఉండేవారంతే. 1970లో పనులు మొదలయ్యాయి. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పిచ్చింది. 1974కల్లా మొదటి హోటళ్ళు తెరిచారు. విల్మా వచ్చేనాటికి ఊరి జనాభా ఐదు లక్షలు దాటింది. ఒక తరంలో ఇంత ఊరు లేవడం చిన్న విషయం కాదు.

కట్టిన చోటు మాత్రం ఆలోచించాల్సింది. కాన్‌కున్‌లో రెండు ఊళ్ళున్నాయి. జనం బతికే ఊరు లోపల, గట్టి నేల మీద ఉంది. హోటళ్ళ ఊరు మాత్రం సముద్రానికీ నిచుప్తే అనే ఉప్పుటేరు సరస్సుకీ మధ్య ఉన్న సన్నటి ఇసుకదిబ్బ మీద ఉంది. ఏడు అంకె ఆకారంలో ఇరవై కిలోమీటర్లకు పైగా పొడవు. కొన్నిచోట్ల వెడల్పు కొన్ని వందల మీటర్లే. దాని వెన్ను పొడుగునా ఒక రోడ్డు, రోడ్డుకి సముద్రం వైపు వరసగా హోటళ్ళు.

ఆ హోటళ్ళలో చాలావాటి పునాదులు ఉన్నది సరిగ్గా ఇసుకమేటల మీద. బీచ్ వెనకాల, తీగలూ గడ్డీ పట్టుకుని ఎత్తుగా నిలబడే ఆ మేట చూడ్డానికి ఖాళీ స్థలంలా ఉంటుంది. నిజానికి అది బీచ్‌కి గాదె. పెద్ద తుఫాను వచ్చినప్పుడు అలలు మేటని కోసి ఇసుకని సముద్రంలోకి లాక్కుపోతాయి. ఆ ఇసుక ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళ కింద తిన్నెలా పేరుకుంటుంది. తర్వాతి అలలు ఆ తిన్నె మీదే విరిగిపోతాయి కాబట్టి ఒడ్డు మీద దెబ్బ తగ్గుతుంది. తుఫాను పోయాక, మామూలు రోజుల మెత్తటి అలలు ఆ ఇసుకనే నెమ్మదిగా తిరిగి ఒడ్డుకి చేరుస్తాయి. గాలి దాన్ని మళ్ళీ మేటగా పోస్తుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు, కానీ లెక్క సరిపోతుంది.

మేట మీద కాంక్రీటు పోస్తే ఈ రాకపోకలు ఆగిపోతాయి. అలకి ఇవ్వడానికి వెనకాల నిల్వ ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇసుకని తాకిన అల దాంట్లోకి ఇంకి బలం కోల్పోతుంది. గోడని తాకిన అల అంతే బలంతో వెనక్కి తిరుగుతుంది, తిరుగుతూ గోడ పాదం దగ్గరి ఇసుకని తవ్వుకుపోతుంది. విల్మా ముప్పై గంటలకు పైగా చేసిన పని ఇదే. కోసిన ఇసుకని మామూలు అలలు మళ్ళీ తేలేనంత లోతుకి తీసుకుపోయింది.

పోయినదాని స్థానంలో కొత్త ఇసుక ఎక్కడినుంచైనా వస్తుందా అంటే, అదీ లేదు. గోదావరి, కృష్ణ మన తీరానికి ఇసుక మోసుకొస్తాయి (ఆనకట్టలు కట్టాక అదీ తగ్గింది, అది వేరే గొడవ). యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటి కూడా లేదు. నేలంతా సున్నపురాయి. పడ్డ వాన పడ్డట్టే రాతి పగుళ్ళలోంచి భూమి కిందికి దిగిపోతుంది. టూరిస్టులు ఈతకి వెళ్ళే సెనోతేలనే నీటిగుంటలు ఆ భూగర్భ జలాల కిటికీలే. కాబట్టి అక్కడి ఇసుక కొండల నుంచి వచ్చింది కాదు. సముద్రంలోనే సున్నం పేరుకుని తయారైన గుండ్రటి రేణువులు, నలిగిన గవ్వలు, పగడపు పొడి. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కాలు కాలకపోవడానికి కారణం అదే. అది తయారు కావడానికి పట్టే కాలం మనుషుల ఆయుష్షుల్లో కొలిచేది కాదు. పైగా హోటళ్ళ బీచ్‌కి రెండు చివరలా రాతి ముక్కులు పొడుచుకొచ్చి ఉంటాయి, ఉత్తరాన పుంతా కాన్‌కున్, దక్షిణాన పుంతా నిసుక్. వాటి మధ్యలోకి పక్కలనుంచి వచ్చి చేరే ఇసుక కూడా తక్కువే.

మరి పుయెర్తో మొరెలోస్? ఆ ఊరికి ఎదురుగా, ఒడ్డుకి కొద్దిదూరంలో, పగడపు దిబ్బ గోడలా సాగి ఉంది. 1998 నుంచి అది జాతీయ పార్కు. నీళ్ళ పైకి కొంచెమే కనపడుతుంది, కానీ పెద్ద అలలు దాన్ని దాటి రాలేవు, దాని మీదే విరిగిపోతాయి. పగడపు దిబ్బలు అల బలంలో సగటున 97 శాతం దాకా తీసేస్తాయని 2014లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కకట్టింది. విల్మా రాత్రి దిబ్బ బయట పన్నెండు మీటర్ల అలలుంటే, లోపలి మడుగులో ఉన్నది వాటి ముందు ఏ పాటి? ఆ నెమ్మదైన నీటిలోకి కొట్టుకొచ్చిన ఇసుక అక్కడే దిగబడి ఒడ్డుకి చేరింది. కాన్‌కున్ హోటళ్ళ వరసలో ఎక్కువ భాగానికి ముందు ఇలాంటి దిబ్బ లేదు. తెరిచిన సముద్రం.

దిబ్బ లేకపోవడం కాన్‌కున్ తప్పు కాదు, నిజమే. కానీ దిబ్బ లేని చోటే మేట అవసరం ఎక్కువ. అక్కడే మేట మీద పునాదులు తవ్వారు. విల్మా బీచ్‌ని మింగేసింది అనడం అబద్ధం కాదుగానీ, అందులో విల్మా వాటా ఎంత, 1970ల నాటి ప్లాను వాటా ఎంత అని అడిగేవాళ్ళు తక్కువ.

ఊరివాళ్ళు గుర్తుపెట్టుకున్నది

కాన్‌కున్‌లో బతికేవాళ్ళని విల్మా గురించి అడిగితే ముందు బీచ్ గురించి చెప్పరు.

చెప్పేది ఇళ్ళ గురించి. మెక్సికోలో ప్రతి ఇంటి పైనా మన సింటెక్స్ ట్యాంకు లాంటి నల్ల ట్యాంకు ఉంటుంది, తినాకో అంటారు. హరికేన్ వస్తుందంటే ముందు చేసే పని దాన్ని నిండా నింపి తాళ్ళతో కట్టడం. ఖాళీగా వదిలేస్తే ఎగిరి పక్కింటి మీద పడుతుంది. కిటికీ అద్దాలకి ఇంటూ ఆకారంలో టేపు అంటిస్తారు, డబ్బున్నవాళ్ళు ప్లైవుడ్ కొడతారు. కాంక్రీటు దిమ్మెల ఇళ్ళలో ఉన్నవాళ్ళు బాత్రూముల్లో, పరుపులు అడ్డం పెట్టుకుని, తలుపు కిందినుంచి వచ్చే నీళ్ళని బకెట్లలోకి పిండుతూ రెండు రాత్రులు గడిపారు. ఊరి అంచున రేకులూ అట్టలూ కప్పుకున్న కాలనీల్లో పైకప్పు మిగిలిన ఇల్లు తక్కువ. ఈ ఊరు వలస జనంతో నిండింది. తబాస్కో నుంచి, చియాపాస్ నుంచి, వెరాక్రూస్ నుంచి హోటల్ పనికి వచ్చినవాళ్ళు. 1988లో గిల్బర్ట్‌ని చూసినవాళ్ళు వాళ్ళలో కొందరే.

ఆ తర్వాత చెప్పేది దోపిడీ గురించి. గాలి ఇంకా పూర్తిగా తగ్గకముందే సూపర్‌మార్కెట్లూ, టీవీల షాపులూ పగలగొట్టారు. మొదట తిండి, నీళ్ళు, తర్వాత ఫ్రిజ్‌లు, సోఫాలు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, 'ఇళ్ళ మీదికి కూడా వస్తున్నారట' అన్న పుకారు మాత్రం వీధి వీధికీ చేరింది. జనం సందు మొదట్లో విరిగిన చెట్లూ, గేట్లూ అడ్డం వేసి, మంటలు వేసుకుని, వంతులవారీగా రాత్రంతా కాపలా కాశారు. అంతకుముందు పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియనివాళ్ళకి ఆ మంటల దగ్గరే పరిచయాలయ్యాయని చెప్పుకుంటారు. సిగ్గూ గర్వమూ రెండూ కలిసిన జ్ఞాపకం అది.

టూరిస్టుల జ్ఞాపకం ఇంకోలా ఉంటుంది. బడిలో నేల మీద పరుపులు, అందరికీ కలిపి రెండు మూడు టాయిలెట్లు, మూతపడ్డ ఎయిర్‌పోర్టు, ఇంటికెప్పుడు వెళ్తామో తెలియని టెన్షన్. వాళ్ళ కథలే ముందుగా బయటి ప్రపంచానికి చేరాయి. ఆ బడుల్లో వాళ్ళకి అన్నం వడ్డించిన హోటల్ సిబ్బందికీ ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళు ఏమయ్యాయో వాళ్ళకి అప్పటికి తెలియదు. ఈ మాట ఎక్కువ వార్తల్లో రాలేదు.

తర్వాత నెలల తరబడి ఊళ్ళో జీతాలు లేవు, ముఖ్యంగా టిప్పులు లేవు. హోటల్లో వెయిటర్‌కి జీతం కన్నా టిప్పే ముఖ్యం. చాలామంది చెత్త ఎత్తే పనులకి వెళ్ళారు, కొందరు సొంత రాష్ట్రాలకి తిరిగిపోయారు. హోటళ్ళకేమో ఇన్సూరెన్స్ ఉంది. మెక్సికో బీమా కంపెనీలు ఏళ్ళ తరబడి విల్మాని తమకి అతి ఖరీదైన తుఫానుగా చెప్పుకున్నాయి. ఆ డబ్బుతో పాత హోటళ్ళు మునుపటికన్నా మెరుగ్గా, ఎక్కువ రేట్లతో తెరుచుకున్నాయి. ఒకే తుఫాను గోడలున్నవాళ్ళకి రిపేరు, జీతం మీద బతికేవాళ్ళకి అప్పు.

పోసిన ఇసుక, దొంగిలించిన ఇసుక

బీచ్ లేకుండా కాన్‌కున్‌ని అమ్మలేరు. 2006 మొదట్లోనే మెక్సికో ప్రభుత్వం ఒక బెల్జియం డ్రెడ్జింగ్ కంపెనీని పిలిపించింది. సముద్రం అడుగున ఇసుక తవ్వి, నీళ్ళతో కలిపి, లావుపాటి పైపుల్లోంచి ఒడ్డు మీద పోశారు. సుమారు 27 లక్షల ఘనపు మీటర్లు. ఖర్చు 2 కోట్ల డాలర్ల దరిదాపుల్లో. టూరిస్టులు తిరిగొచ్చారు. పోసిన ఇసుక గరుకుగా ఉంది, పాత తెలుపు రాలేదు అన్న సణుగుడు వినిపించినా, బీచ్ అంటూ ఒకటి ఉంది.

మూడేళ్ళు తిరిగేసరికి అందులో చాలా భాగం పోయింది. 2007లో దక్షిణంగా పోయిన డీన్ హరికేన్ అలలు కొంత తీసుకుపోయాయి, మిగతాది మామూలు చలికాలపు అలలకే పోయింది. పోదా మరి? మేట లేదు, దిబ్బ లేదు, గోడ మాత్రం ఉన్నచోటే ఉంది. కారణం అలాగే ఉండగా ఇసుక ఒక్కటే మార్చారు.

2009 జులైలో జరిగింది చూస్తే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో అర్థమవుతుంది. ఒక హోటల్ తన ముందు ఇసుక నిలవడానికి సముద్రంలోకి అడ్డుకట్ట లాంటిది కట్టి, నీటి అడుగునుంచి ఇసుక తోడుకుంటోందని పర్యావరణ అధికారులు ఆరోపించి, ఆ బీచ్ ముక్క చుట్టూ టేపు కట్టి మూసేశారు. కాపలాకి నౌకాదళం వాళ్ళు వచ్చారు. స్విమ్ సూట్లలో ఉన్న టూరిస్టుల మధ్య తుపాకులు పట్టుకున్న జవాన్లు, ఇసుక దొంగతనం కేసు! నవ్వొచ్చే సంగతే, కానీ లాజిక్ ఉంది. తీరం వెంబడి నడిచే ఇసుకని ఒకరు ఆపితే పక్కవాడికి అందదు.

అదే ఏడాది చివరనుంచి 2010 మొదటిదాకా రెండోసారి పోశారు. ఈసారి 50 లక్షల ఘనపు మీటర్లకు పైగా, దాదాపు 7 కోట్ల డాలర్లు. ఇసుక ఎక్కడినుంచి తేవాలన్నదాని మీద పెద్ద గొడవే జరిగింది. తమ సముద్రం అడుగున తవ్వొద్దని కోసుమెల్ దీవివాళ్ళు, ఆక్టోపస్ పట్టుకునే జాలర్లు అడ్డుపడ్డారు. వాళ్ళ మాటలో తప్పేముంది? ఒకరి బీచ్ కోసం ఇంకొకరి వేట తవ్వడమే కదా. ఇసుక పోసిన ఆ కాన్‌కున్‌లోనే, 2010 నవంబరు చివర్లో, ప్రపంచ దేశాలన్నీ కూచుని వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరుపుకున్నాయి.

మన దగ్గరా ఈ లెక్క మొదలై చాలా కాలమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక విశాఖ ఆర్కే బీచ్ కోత అందరికీ కనపడింది. పోర్టు తవ్విన ఇసుకని బీచ్‌కి తెచ్చి పోయడం అక్కడ ఏళ్ళుగా నడుస్తున్న పనే. కాకినాడ దగ్గర ఉప్పాడలో రాళ్ళు పోసినా, రోడ్డు మళ్ళీ మళ్ళీ తెగుతూనే ఉంది. కారణాలు ఒకటి కావు, కాన్‌కున్‌లో ఉన్న నదుల్లేని సున్నపురాయి నేల మనది కాదు. కానీ ఎక్కడైనా గోడ కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఒడ్డుకి ఇసుక ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది?

పగడానికి ఇన్సూరెన్స్

విల్మా నేర్పిన పాఠంలో ఒక భాగాన్ని మాత్రం కాన్‌కున్ ఉన్న రాష్ట్రం, కింతానా రో, గట్టిగానే పట్టుకుంది. 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం, ది నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ, హోటళ్ళవాళ్ళు కలిసి ఒక ట్రస్టు పెట్టారు. మరుసటి ఏడాది పగడపు దిబ్బకి బీమా చేయించారు. నష్టం అంచనా వేసే సర్వేయర్లు రావడం, ఫైళ్ళు తిరగడం ఇందులో ఉండదు. నిర్ణయించిన ప్రాంతంలోకి నిర్ణయించిన గాలి వేగంతో హరికేన్ వస్తే చాలు, డబ్బు వచ్చేస్తుంది. తుఫాను తర్వాత మొదటి వారాలే దిబ్బకి కీలకం కాబట్టి ఈ ఏర్పాటు. విరిగిపడ్డ పగడపు ముక్కలు ఇసుకలో దొర్లుతూ ఉంటే చచ్చిపోతాయి. వెంటనే ఏరి, సిమెంటుతో మళ్ళీ దిబ్బకి అతికిస్తే చాలావరకు బతుకుతాయి.

2020 అక్టోబరులో డెల్టా హరికేన్ పుయెర్తో మొరెలోస్ దగ్గరే తీరం దాటింది. బీమా కింద సుమారు 8 లక్షల డాలర్లు వచ్చాయి. ముందే శిక్షణ తీసుకున్న స్థానిక డైవర్లు, జాలర్లు, గైడ్లు నీళ్ళలోకి దిగారు. బొర్లాపడ్డ పగడాలని నిలబెట్టారు, ముక్కల్ని వేల సంఖ్యలో అతికించారు.

అయితే ఆ దిబ్బకి తుఫానొక్కటే శత్రువు కాదు. 2018 నుంచి ఆ తీరంలో గట్టి పగడాల కణజాలాన్ని వారాల్లో తినేసే కొత్త జబ్బు పాకుతోంది. వేడెక్కిన నీళ్ళకి పగడాలు తెల్లబడుతున్నాయి. ఊరి మురుగు, పైన చెప్పిన ఆ సున్నపురాయి పగుళ్ళలోంచే, చివరికి సముద్రంలోకి చేరుతోంది. గాలి వేగం చూసి డబ్బిచ్చే బీమా వీటికి పైసా ఇవ్వదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డైవర్లు కాపాడుతున్న దిబ్బ ఎక్కువగా కాపాడేది పుయెర్తో మొరెలోస్‌నీ, దానికి అటూ ఇటూ ఉన్న తీరాన్నీ. కాన్‌కున్ హోటళ్ళ వరస ముందు ఇప్పటికీ తెరిచిన సముద్రమే. అక్కడ అలకి అడ్డు నిలవాల్సింది వెనకాలి ఇసుకమేట, దాని మీద గదులున్నాయి, ఈత కొలనులున్నాయి. ఇంకో విల్మా అలాగే నిదానంగా వచ్చి అక్కడే తిష్ఠ వేస్తే, మళ్ళీ డ్రెడ్జర్లని పిలవడం తప్ప ఆ ఒడ్డు దగ్గర వేరే ప్లాను లేదు.